మానని కాలిపుండు, కల్చర్‌లో సూడోమోనాస్: యాంటీబయాటిక్ వేయాలా, వద్దా?

తెనాలి_రైతుబిడ్డ:
మా నాన్నకి 63 ఏళ్ళు, షుగర్ వచ్చి 14 ఏళ్ళు. కుడి అరికాల్లో, బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్ళంత పుండు. మూడు నెలలైంది. మానదు, అలాగని పెరగదు. నొప్పి లేదంటాడు. జ్వరం లేదు, చుట్టూ ఎరుపు, వాపు లేవు. కట్టు విప్పితే మాత్రం గాజుగుడ్డ మీద ఆకుపచ్చ మరక.
స్వాబ్ కల్చర్‌లో (పుండు మీద దూదిపుల్ల తిప్పి, ల్యాబులో క్రిమిని పెంచి చూసే పరీక్షలో) సూడోమోనాస్ అనే బాక్టీరియా అని వచ్చింది. ఒక డాక్టరు గారు పది రోజులకి ఇంజెక్షన్లు రాశారు, అందులో ఒకటి అమికాసిన్. ఇంకో డాక్టరు గారు కాలంతా చూసి, "ఇప్పుడు దీనికి యాంటీబయాటిక్ అక్కర్లేదు, కాలు కింద మోపనివ్వకండి" అన్నారు. క్రిమి పేరు కాగితం మీద కనపడుతుంటే మందు వద్దనడం ఏమిటో మాకు అర్థం కావడం లేదు. ఇంట్లో అందరికీ టెన్షన్. మీరేమంటారు?

కాకినాడ_పద్మ:
వేయించండి, ఆలోచించొద్దు. మా అమ్మకి చిటికెన వేలి పక్కన ఇంతకంటే చిన్న పుండు. చూద్దాంలే అని ఆగాం. శుక్రవారం పాదం పైన కాస్త వాపు, ఆదివారానికి పిక్క దాకా నలుపు. మోకాలి కింద తీసేశారు. ఇంజెక్షన్ వల్ల నష్టం ఎంతైనా, కాలు పోవడం కంటే ఎక్కువ కాదు.

ల్యాబ్_మాధవి:
పద్మ గారూ, మీ మాట చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా నా పని మైక్రోబయాలజీ ల్యాబులో కాబట్టి ఒక సంగతి చెప్పాలి.
మూడు నెలలుగా తెరిచి ఉన్న పుండు మీద స్వాబ్ తిప్పి పంపితే ఏదో ఒకటి పెరుగుతుంది. సూడోమోనాస్ అయితే పొద్దున్నే ప్లేటు మూత తీయగానే తెలిసిపోతుంది: పండిన ద్రాక్షలాంటి వాసన, ప్లేటంతా ఆకుపచ్చ. ఆ రంగే గాజుగుడ్డ మీద మరక. కానీ అది కండలోకి దిగిందా, పుండు పైన కూర్చుని ఉందా అన్నది ప్లేటులో కనపడదు. అది కాలిని చూసి తేల్చాల్సిన విషయం. వాపు, పుండు అంచు నుంచి అర సెంటీమీటరు దాటిన ఎరుపు, వేడి, నొప్పి, చీము, వీటిలో కనీసం రెండు ఉంటేనే ఇన్ఫెక్షన్ అనమని, లేకపోతే యాంటీబయాటిక్ వద్దని డయాబెటిక్ ఫుట్ మీద పనిచేసే అంతర్జాతీయ బృందం 2023 మార్గదర్శకాల్లో కూడా ఉంది.
కల్చర్ నిజంగా కావాలంటే పుండు కడిగి, చచ్చిన కండ తీసేసి, అడుగు నుంచి చిన్న ముక్క తీసి పంపాలి. పైపైన తిప్పిన స్వాబ్‌ని నమ్మి మందు మొదలుపెట్టడం నాకు నచ్చదు. చల్లటి దేశాల్లో ఇలాంటి పుళ్ళలో ఎక్కువగా దొరికేది స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. మన ఎండ దేశాల్లో సూడోమోనాస్, ఈ.కోలి, క్లెబ్సియెల్లా జాతి చాలా ఎక్కువ. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అమాక్సిసిలిన్-క్లావులనేట్ సూడోమోనాస్ మీద పనే చేయదు. మామూలుగా దొరికే మాత్రల్లో దీని మీద పనిచేసేవి సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి ఒకటి రెండే. అవీ అనవసరంగా వాడేస్తే రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చిన రోజున రిపోర్టులో మందులన్నిటికీ ఎదురుగా 'ఆర్' (రెసిస్టెంట్, అంటే ఆ మందుకి క్రిమి లొంగదని) అనే ఉంటుంది. అలాంటి రిపోర్టులు నా చేత్తో నేనే టైపు చేస్తుంటాను.
అమికాసిన్ కిడ్నీలని దెబ్బతీయగలదు. నాన్నగారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో చూశారా?

మీర్‌పేట_కిరణ్:
మాధవి గారూ, నాకు ఒప్పుబాటు కాలేదు. షుగర్‌తో కాలు మొద్దుబారిన మనిషికి నొప్పి తెలియదు. రక్తం సరిగ్గా అందని కాలికి ఎరుపు కూడా సరిగ్గా రాదు. మీరు చెప్పిన గుర్తులు కనపడేదాకా ఆగితే పద్మ గారి అమ్మగారికి జరిగిందే జరుగుతుంది. పట్నంలో రోజూ చూసే డాక్టరు ఉంటే ఆగొచ్చు. పదిహేను రోజులకోసారి బస్సెక్కి వెళ్ళే ఊరివాళ్ళు ఏ ధైర్యంతో ఆగుతారు? పైగా పాత పుళ్ళలో బయోఫిల్మ్ అని బాక్టీరియా కట్టుకునే పొర ఉంటుందంటున్నారు. అలాంటప్పుడు ఇంకా గట్టి మందు కదా వాడాలి?

డ్రెస్సింగ్_సిస్టర్:
కిరణ్ గారూ, నొప్పి తెలియదన్న మాట నిజం. అందుకే రోజూ కళ్ళతో చూడాలంటాం. బయోఫిల్మ్ దగ్గర మాత్రం మీ లెక్క తప్పింది.
నీళ్ళ తొట్టెలో పాచి చూశారుగా. ఎన్ని బిందెలు పోసినా పోదు, పీచు పెట్టి రుద్దాలి. పుండులో బాక్టీరియా అలాగే జిగురు పొర కట్టుకుని ఉంటుంది. మందు ఆ పొర లోపలికి సరిగ్గా పట్టదు, లోపల మగతగా పడున్నవాటిని చంపదు కూడా. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో 50 పాత పుళ్ళు చూస్తే 30లో ఈ పొర ఉంది, 16 కొత్త గాయాల్లో ఒక్కదాంట్లోనే ఉంది. దాన్ని గీకి తీయాలి, మళ్ళీ కట్టకముందే మళ్ళీ గీకాలి. ఇంజెక్షన్ మోతాదు పెంచితే అది పోదు.
ఇంకో మాట. అరికాలి పుండు మానకపోవడానికి చాలాసార్లు అసలు కారణం దాని మీద నడవడమే. వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠు రోగుల కాళ్ళు ఏళ్ళ తరబడి చూసి చెప్పింది ఇదే: స్పర్శ లేని కాలు కాబట్టి మనిషి పుండు మీదే నడిచేస్తాడు. రోగుల కాళ్ళకి ఆయన పిండికట్టు వేసి బరువు తప్పిస్తే పుళ్ళు మానాయి. మా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన పగలంతా మంచం దిగడు. రాత్రి బాత్రూముకి మాత్రం "రెండడుగులే కదమ్మా" అని ఒట్టి కాళ్ళతో వెళ్తాడు. తెల్లారి కట్టు విప్పితే పుండు అంచున కొత్తగా రక్తం చార ఉంటుంది. అంచు చుట్టూ ఆనె కట్టి ఉంటే అదీ చెక్కించాలి, దాని కిందే పుండు లోపలికి పోతూ ఉంటుంది. పసుపు, కాఫీపొడి మాత్రం దయచేసి పెట్టకండి, వాటిని కడిగి తీయడానికే మాకు సగం పొద్దు పోతుంది.

కాకినాడ_పద్మ:
సిస్టర్ గారూ, ఆ శుక్రవారం అమ్మ పాదం వేడిగా ఉంది. సాక్సు తీసినప్పుడు నా చేతికి తెలిసింది. ఎండలో తిరిగిందిలే అనుకున్నాను. అదే గుర్తు అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ రాత్రే తీసుకెళ్ళేదాన్ని. మందు వద్దన్నవాళ్ళు ఏం చూసుకోవాలో కూడా చెప్పి పంపాలి. అది చెప్పకుండా 'వద్దు' అంటే నేను ఒప్పుకోను.

ల్యాబ్_మాధవి:
ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

మీర్‌పేట_కిరణ్:
చెప్పి పంపినా ఇంట్లో చూసేవాళ్ళు ఉండాలి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ సంగతి వచ్చేసరికి నా అభిప్రాయం మారలేదు.

తెనాలి_రైతుబిడ్డ:
నిన్న రెండో డాక్టరు గారి దగ్గరికే వెళ్ళాం. సన్నటి స్టీలు పుల్ల పుండులోకి పెట్టి ఎముక తగులుతుందేమో చూశారు, తగల్లేదు. ఎక్స్‌రే కూడా తీయించారు. ఆనె చెక్కేసరికి పుండు మేమనుకున్న దానికంటే పెద్దదిగా బయటపడింది. అడుగు నుంచి ముక్క తీసి ల్యాబుకి పంపారు. కాలికి పిండికట్టు ఇప్పుడే వద్దు, రోజూ చూసుకోవాలి కాబట్టి విప్పుకునే బూటు వాడమన్నారు. క్రియాటినిన్ 1.6 ఉంది. మొదటి డాక్టరు గారికి ఫోన్ చేసి ఆ సంగతి చెబితే అమికాసిన్ వద్దన్నారు.
పద్మ గారు రాసింది రెండో డాక్టరు గారికి చదివి వినిపించాను. పుండు చుట్టూ పెన్నుతో గీత గీసి, ఎరుపు గీత దాటినా, కాలు వేడెక్కినా, జ్వరం వచ్చినా, షుగర్ ఊరికే పెరిగినా ఏ వేళైనా రమ్మన్నారు. రోజూ పొద్దున, రాత్రి రెండు పాదాల మీదా చెయ్యి పెట్టి చూస్తున్నాను. నాన్న మిరప కోతకి ఎప్పుడు వెళ్ళొచ్చని రోజూ అడుగుతున్నాడు. మంచం పక్కన బకెట్ పెట్టాం, రాత్రి లేవకుండా.