సా౩మా౩ మంత్రంలో ఎవరికీ తెలియని ఆ చివరి పాదం

పాతపుస్తకం:
వారం రోజులుగా ఒక మాట బుర్రలోంచి పోవడం లేదు. ఇంగ్లీషు రచయిత హాడ్జ్‌సన్ రాసిన, దయ్యాల కేసులు దర్యాప్తు చేసే కార్నాకీ కథల్లో, ఈల వేసే గది కథ. ఐర్లండ్‌లో ఆ పాతకోట గదిలో కార్నాకీ ప్రాణం పోయే స్థితిలో ఉండగా, సామా అనే మంత్రపు తంతులోని 'ఎవరికీ తెలియని చివరి పాదం' ఎవరో గుసగుసగా పలుకుతారు. ఆయన కిటికీలోంచి దూకి బయటపడతాడు. ఆ పాదాన్ని నేను చదివినట్టే గుర్తు, 'మా' అని ముగుస్తుందని కూడా. డిగ్రీ రోజుల్లో ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద కొన్న ప్రతి ఇల్లు మారేటప్పుడు పోయింది. ఎవరికైనా ఆ పాదం గుర్తుందా?

మేష్టారు:
అచ్చులో ఎక్కడా లేదండీ. 1910లో ఐడ్లర్ పత్రికలో వచ్చినప్పుడూ లేదు, ఆరు కథలతో వచ్చిన 1913 పుస్తకంలోనూ లేదు, తొమ్మిది కథల 1947 కూర్పులోనూ లేదు. మీకు గుర్తున్న 'మా' తంతు పేరులోదే. అన్నట్టు, ఆ పేరును 'సామా' అని రాస్తే అన్యాయం జరుగుతుంది. ఇంగ్లీషులో 'స' తర్వాత మూడు 'ఎ'లు, 'మ' తర్వాత మూడు 'ఎ'లు వేశాడు హాడ్జ్‌సన్ (Saaamaaa). దీర్ఘానికి రెండు మాత్రలు చాలు. మూడు ఉన్నాయంటే అది ప్లుతం, అంటే దీర్ఘం కంటే ఎక్కువ సాగే అచ్చు; పక్కన వేసే ౩ అంకె దాని గుర్తు. తెలుగులో సా౩మా౩ అనే రాయాలి.

సముద్రపుగాలి:
ప్లుతం మాట బాగుంది గానీ ఆయనకు అది సంస్కృతం నుంచి రాలేదు మేష్టారూ. హాడ్జ్‌సన్ పద్నాలుగేళ్లయినా నిండకుండా ఓడ ఎక్కినవాడు. సముద్రంలో పడిపోయిన సహచరుణ్ణి దూకి కాపాడినందుకు 1898లో పతకం కూడా అందుకున్నాడు. గాలిలో ఒక ఓడ మీంచి ఇంకో ఓడకు కేక వేసేవాళ్లు అచ్చును ఎలా సాగదీస్తారో మా విశాఖ హార్బరులో రోజూ వింటాం. ఆ మూడు 'ఎ'లు నావికుడి కేక అని నా నమ్మకం.

మేష్టారు:
మీరు నన్నే బలపరిచారు. 'దూరాద్ధూతే చ' అని పాణిని చెప్పిందీ అదే కదా. దూరం నుంచి పిలిచేటప్పుడు ప్లుతం.

వ్యాకరణప్రియ:
ఇద్దరూ ఒక ముఖ్యమైన సంగతి వదిలేస్తున్నారు. ఆ చివరి పాదం కేక కాదు, గుసగుస. గదిలో స్పష్టంగా వినబడేంత గుసగుస. ఆ క్షణంలో ఆగకుండా ధూళి రాలుతున్నట్టు అనిపించిందని కార్నాకీ చెప్తాడు, అలాంటి అనుభవం అంతకుముందు ఒక్కసారే కలిగిందంటాడు. దూరాహ్వానం పేరులో ఉంటే ఉండవచ్చు, పాదంలో లేదు. పిలిచింది మనిషి, పలికింది వేరెవరో. నన్ను అంతకంటే ఇబ్బంది పెట్టేది 'తెలియని' అన్న మాట. నిజంగా తెలియని పాదమైతే, విన్న వెంటనే ఇది అదేనని ఆయనకెలా తెలిసింది?

పాతపుస్తకం:
నా బాధ కూడా అదేనమ్మా. అందుకే ఎక్కడో రాసి ఉంటుందనిపించింది.

వ్యాకరణప్రియ:
'తెలియని' తీసేసి 'చెప్పరాని' అని పెట్టి చూడండి, చిక్కు విడిపోతుంది. మనిషి నోట పలకకూడని పాదం. వింటే గుర్తుపడతాడు, తనంతట తాను అనలేడు.

మేష్టారు:
అది మీరు ఆయన మీద రుద్దే అర్థం. ఆయన రాసింది 'అజ్ఞాత' అనే, 'అవాచ్య' అని కాదు.

ఓరుగల్లు:
అన్నా, ఇంతమంది ఇన్ని మాటలన్నరు గానీ పోతన ముచ్చట ఎవరూ తీయలేదు. మనిషి ఆగిపోయిన చోట ఇంకెవరో వచ్చి పాదం పూర్తి చేయడం మనకు కొత్తనా? 'అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దా' దగ్గర కలం ఆగిందని, స్వామే పోతన రూపంలో వచ్చి తక్కింది రాసిపోయిండని చిన్నప్పటి సంది వింటున్నం. హాడ్జ్‌సన్‌కు ఆ కథ తెలిసి ఉంటదని అనను. కానీ ఈల గది కథ చదివిన రాత్రి నాకు గుర్తొచ్చింది బమ్మెరే.

మేష్టారు:
కలం ఆగింది 'దాపల' దగ్గర. దాపల అంటే ఎడమవైపు, దాపలి ఎద్దు అంటామే, అది. స్వామి నివాసం ఎటువైపో చెప్పేశాక, అక్కడ ఏముందో ఊహకు అందక ఆగాడు.

వ్యాకరణప్రియ:
మేష్టారూ, మత్తేభం గణాలు కట్టి చూడండి. స భ ర న మ య వ. మొదటి పాదం 'దా'తోనే నిండిపోతుంది, 'పల' రెండో పాదానికి వెళ్తుంది. పాదం చివర ఆగాడంటే 'దా' దగ్గరే ఆగినట్టు. ఓరుగల్లు గారు చెప్పిందే సరైనది.

మేష్టారు:
మాట మధ్యలో ఏ కవీ ఆగడు.

ఓరుగల్లు:
ఆగుతడు, ఆ ముక్కకే ఒక అర్థముంటే. 'దా' అంటే ఏంది? ఇంట్ల పిల్లను పిలిచేటప్పుడు 'దా బిడ్డా' అంటం. రమ్మని పిలుపు. పోతన ఎడమవైపు అని రాయబోయిండు, కలం 'దా' అన్న పిలుపు మీద ఆగింది. పిలిచినంక స్వామి రాకుండా ఉంటడా? ఈ మాట నేను ఇరవై ఏండ్ల నుంచి అనుకుంటున్న, ఎవరితోనూ అనలే.

సముద్రపుగాలి:
ఒళ్లు జలదరించింది. మా ఇంట్లోనూ పసివాళ్లను 'దా దా' అనే పిలుస్తాం.

మేష్టారు:
భావం అందంగా ఉంది, కాదనను. కానీ ఏనుగు నిజంగా పిలిచిన చోట చూడండి. 'రావే యీశ్వర! కావవే వరద!' రెండు సంబోధనలూ హ్రస్వంతోనే ముగిశాయి. మడుగులోంచి వైకుంఠానికి పిలిచేవాడు అచ్చు సాగదీయలేదు. అంటే పోతన దృష్టిలో స్వామి దూరంగా లేడు. నాకు ఆ పద్యంలో అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ రెండు లఘువులే.

వ్యాకరణప్రియ:
శార్దూలంలో ఆ చోట లఘువులే పడాలి మేష్టారూ, కవికి వేరే దారి లేదు. పిలుపు ఆ పాదం చివర 'భద్రాత్మకా' దగ్గర సాగింది.

మేష్టారు:
అక్కడ గురువు తప్పనిసరి కాబట్టి సాగింది. ఛందస్సు పేరుతో నా లఘువులు తీసేస్తే మీ దీర్ఘం కూడా పోతుంది.

వ్యాకరణప్రియ:
ఒప్పుకుంటాను. రెండూ ఛందస్సువే. అయితే ఆ చోటుకు ఆ మాటలనే ఏరి పెట్టినవాడు పోతన.

సముద్రపుగాలి:
కార్నాకీని మరిచిపోతున్నాం. బ్యాటరీలు, గాజు గొట్టాలతో ఆయన నేల మీద వెలిగించే ఐదు కోణాల రక్షను తెలుగులో ఏమనాలి? భూతవైద్యుడు ముగ్గు వేసి మధ్యలో కూర్చుంటాడు కాబట్టి 'కరెంటు ముగ్గు' అంటే ఎలా ఉంటుంది?

వ్యాకరణప్రియ:
చాలా బాగుంది. కార్నాకీని మాత్రం భూతవైద్యుడు అనకండి. ఆయన ముందు ఫొటోలు తీస్తాడు, తలుపులకు సీళ్లు వేస్తాడు, మనిషి చేసిన మోసమేమోనని వెతుకుతాడు. కొన్ని కథల్లో నిజంగానే మోసమని తేలుతుంది. అందుకే నిజంగా దయ్యం ఉన్న కథలో మనకు అంత భయమేస్తుంది.

పాతపుస్తకం:
అందరికీ నమస్కారం. నా పాదం దొరకలేదు గానీ 1918లో బెల్జియంలోని యీప్ర దగ్గర షెల్ పడి పోయిన మనిషి రాసిన అక్షరాల మీద ఇన్నేళ్లకు మనం తెలుగులో ఇంతసేపు మాట్లాడుకోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. ఒక్క సందేహం మిగిలింది. సా౩మా౩ అని రాస్తే చదివేవాళ్లు 'సా మూడు మా మూడు' అంటారు. మా పాప ఇప్పుడే అలా చదివింది. అవగ్రహం పెట్టి 'సాఽమాఽ' అంటే కుదురుతుందా?

మేష్టారు:
కుదరదు. అవగ్రహం లోపించిన అకారానికి గుర్తు. ఇక్కడ లోపించిందేమీ లేదు, ఎక్కువే ఉంది.

ఓరుగల్లు:
పాపతో 'సాాా' అని పాడించండి అన్నా. గొంతులో ఎక్కడ ఆగుతదో అక్కడే ఆపండి.

వ్యాకరణప్రియ:
'సా' కూడా మూడు మాత్రలేనన్నది నేను ఇంకా ఒప్పుకోలేదు. ప్లుతం వచ్చేది వాక్యం చివరి అచ్చుకు. మొదటి 'సా'కు ఎలా వచ్చిందో మేష్టారు ముందు చెప్పాలి.