సెక్యూరిటీ అప్‌డేట్ అందరికీ ఒకేసారి వదలాలా, కొందరికి పంపి చూశాక వదలాలా?

నైట్‌షిఫ్ట్: మా టీమ్‌లో నిన్న దీని మీదే గంటన్నర గొడవ, తేలలేదు, మీరు చెప్పండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లని పడుకోబెట్టింది కదా, మన హైదరాబాద్‌లో కూడా బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. నా మాటేంటంటే ముందు కొద్దిమందికి వదిలి, ఓ గంట ఆగి, ఏం కాకపోతే అప్పుడు మిగతావాళ్ళకి.

పాతకాపు: చెప్పడం ఈజీ బ్రో. ఆ అప్‌డేట్ ఫైళ్ళు ఉన్నదే కొత్త దాడుల్ని పట్టుకోడానికి, లేటైతే ఇంకెందుకు? ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగిన వానాక్రై వైరస్ మర్చిపోయారా, దాన్ని ఆపే ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, 2017 మార్చి 14నే వచ్చింది, దాడి మే 12న, వేసుకోనివాళ్ళు మునిగారు. మా పాత ఆఫీసులోనూ "టెస్ట్ చేసి వేద్దాం" అని ఒక ప్యాచ్ పక్కన పెట్టారు, టెస్ట్ చేసేవాడు సెలవు మీద ఊరెళ్ళాడు, ఆర్నెల్లు దాన్ని అడిగినోడు లేడు.

నైట్‌షిఫ్ట్: అన్నా, రెండు నెలలకీ గంటకీ పోలికేంటి? ఆ తప్పుడు ఫైల్ బయటున్నదే 78 నిమిషాలు. పైగా ఎప్పుడో బయటపడే బగ్ కూడా కాదు, కోడ్ ఇచ్చేది 20 విలువలైతే ఫైల్ 21వది చూడమంది, లేనిచోట చదవబోయి సిస్టమ్ మొత్తం కూలింది. వంద మెషీన్లకి పంపినా వెంటనే తెలిసిపోయేది.

పాతకాపు: సరే, ఆ వంద ఎవరివి? ఆస్పత్రివా, బ్యాంకువా? "ముందు మా మీద ట్రై చెయ్యండి" అని ఎవడంటాడు!

నైట్‌షిఫ్ట్: అమ్మేవాడి సొంత మెషీన్లే పెట్టుకోమను. ఆ తర్వాత క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ళే దశలవారీగా పంపడం మొదలుపెట్టారుగా.

స్క్రూడ్రైవర్: మీరిద్దరూ పంపే దగ్గరే ఆగిపోయారండీ. కూలిన మెషీన్ని లేపడం సంగతేంటి? సేఫ్ మోడ్‌లోకెళ్ళి, అంటే విండోస్‌ని కనీస అవసరాలతో తెరిచి, ఆ ఫైల్ తీసెయ్యడం రెండు నిమిషాల పని, కానీ డిస్క్‌కి బిట్‌లాకర్ (డేటాని ఎవరూ చదవకుండా విండోస్ వేసే తాళం) ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి, ఆరేసి అంకెలు ఎనిమిది ముక్కలు, ఫోన్లో ఒకళ్ళు చదువుతుంటే ఇంకొకళ్ళు కొట్టాలి, అదీ ఒక్కో మెషీన్‌కి. దొంగ రాకుండా వేసిన తాళమే రిపేరోడినీ బయట నిలబెట్టింది. అలాగని తాళం వద్దనలేం. నన్నడిగితే అప్‌డేట్ స్పీడ్ గురించి కొట్టుకునే ముందు కీల కాపీ వేరేచోట పెట్టి, ఏడాదికోసారైనా ఒక మెషీన్ నిజంగా తెరిచి చూడాలి.

పాతకాపు: మా కీలన్నీ కూడా ఒక విండోస్ సర్వర్లోనే ఉన్నట్టు గుర్తు... రేపు ఆఫీసుకెళ్ళి చూసి చెప్తా.