మ్యాప్‌లు నేర్చుకోడానికి ముందు కోడా, క్యూజీఐఎస్సా?

రాజోలు_కుర్రోడు: సివిల్ థర్డ్ ఇయర్ అండి. మా ఊరి చెరువులు గీసిన ఫైలు పైథాన్‌లో జియోపాండాస్ అనే మ్యాప్ లైబ్రరీతో తెరిచి ఏరియా అడిగితే, ఎకరం చెరువుకి పాయింట్ తర్వాత ఆరు సున్నాలేసి 35 అంటోంది. కోడ్ మానేసి, మౌస్‌తో మ్యాప్‌లు గీసే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, ఆ క్యూజీఐఎస్‌లోకి పోనా?

స్క్రిప్ట్‌బాబు: పైథాన్ తప్పేం లేదు. నీ ఫైలు 4326 నంబరు కొలత పద్ధతిలో ఉంది, అంటే అక్షాంశ రేఖాంశాలు, అది చదరపు డిగ్రీల్లో చెప్పింది. కోనసీమంతా మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44 ఉత్తరం జోనే, పద్ధతి మార్చే టు_సీఆర్ఎస్‌లో దాని కోడ్ 32644 ఇచ్చి మళ్ళీ అడుగు, చదరపు మీటర్లొస్తాయి, 4047తో భాగిస్తే ఎకరాలు. సెట్_సీఆర్ఎస్ జోలికెళ్ళకు, అది పద్ధతి పేరు మారుస్తుందే గాని అంకెలు మార్చదు.

కొబ్బరితోట: మొదటిరోజే ఈ నంబర్లు చెప్తే పిల్లలు పారిపోతారండి. క్యూజీఐఎస్‌లో శాటిలైట్ బొమ్మ చూస్తా మౌస్‌తో గీస్తే గట్టేదో వరేదో తెలుస్తుంది.

స్క్రిప్ట్‌బాబు: ఊరి చెరువులన్నీ గీశాక వచ్చే సీజన్‌కి మళ్ళీ గీయమంటే? సెంటినెల్-2 శాటిలైట్ ఐదు రోజులకోసారి కొత్త బొమ్మ ఇస్తోంది, స్క్రిప్టైతే ఫైలు పేరు మారిస్తే చాలు.

యానాంగాలి: వానాకాలం అంతా మబ్బులే వస్తాయి ఆయ్ 😀

కొబ్బరితోట: ఆ సెంటినెల్ బొమ్మలో ఒక్కో చుక్క పది మీటర్లు, దాంతో గట్టు కొలుస్తారా? మా లంకలో గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడవలేరు.

స్క్రిప్ట్‌బాబు: గట్టు ఎవరడిగారండీ? ఆ అబ్బాయి అడిగింది చెరువు!

కొబ్బరితోట: నేనడుగుతున్నా. మీలాంటోడే ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి మా పొలం గోదాట్లో ఉందన్నాడు. కొంత కోతకి పోయిన మాట నిజమే, మిగతాది మేట కింద ఉంది, పట్టా ఇప్పటికీ మా నాన్న పేరునే ఉంది. పడవ దిగి ఒక్క అడుగైనా వెయ్యలేదు మహానుభావుడు.

స్క్రిప్ట్‌బాబు: అది వరద నెలల బొమ్మయ్యుంటది, లంక మునిగేగా ఉంటుంది. మీ కోపం కోడ్ మీద కాదు, తేదీ చూడనోడి మీద. స్క్రిప్టైతే తేదీ అందులోనే రాసుంటది, పట్టుకుని నిలదీయొచ్చు.

కొబ్బరితోట: నేనా నిలదీసేది? ఆ గీతలు నాకర్థమవుతాయా? సర్వే వాళ్ళ పొలం కొలతల పుస్తకం, ఎఫ్ఎంబీ అయితే నేను చదవగలను, గొలుసు లింకుల్లో కొలతలుంటాయి, రాయి దగ్గర గొలుసు పెట్టి లాగితే తేలిపోద్ది. మీ మ్యాప్ మీరు తప్ప ఎవరూ కొలవలేరు, అదీ నా బాధ.

యానాంగాలి: పాయింటే.

రాజోలు_కుర్రోడు: 32644 పెట్టానండి, 1.02 ఎకరాలొచ్చింది! కొబ్బరితోట గారూ, మీ లంకది నీళ్ళు తగ్గాక మార్చి బొమ్మ తీస్తాను, ఎఫ్ఎంబీ నకలు పంపుతారా, దాని మీద పరిచి చూద్దాం.

కొబ్బరితోట: నకలు ఇస్తాలే గాని సర్వే రాయి ఇసకలో కూరుకుపోయింది, వచ్చేటప్పుడు పార తెచ్చుకో.