కుమావూఁ రెజిమెంట్ పేరులో మన కూర్మం

పొద్దున్న ఒక తమ్ముడు అడిగాడు కదా, మన సైన్యంలో కుమావూఁ రెజిమెంట్ అని ఒక పటాలం ఉంది, దాని పేరు పేపర్లలో కుమావ్, కుమావోన్, కుమాయూన్ అని తలో రకంగా రాస్తున్నారు, ఏది కరెక్టు, అసలా మాటకి అర్థం ఏటి అని. కింద కామెంట్లలో కుమారస్వామి దాకా వెళ్లిపోయారు గానీ ఒక్కరూ మన శ్రీకూర్మం వైపు చూడలేదు, శ్రీకాకుళం వాణ్ని, ఉండబట్టలేక రాస్తున్నాను.

కుమావూఁ అంటే ఉత్తరాఖండ్‌లో ఒక కొండసీమ, పటాలానికి పేరు దాన్నుంచే. ఆ సీమ పాత పేరు కూర్మాచలం. విష్ణుమూర్తి కూర్మావతారంలో చంపావత్ దగ్గర కొండ మీద నిలిచాడని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు, పేరు దాన్నుంచే వచ్చిందంటారు. కూర్మం ప్రాకృతంలో కుమ్మ అవుద్ది, ధర్మం ధమ్మ అయినట్టే, కర్మ కమ్మ అయినట్టే, రేఫ, అంటే ర, పోయి పక్క హల్లుకి ఒత్తు పడుద్ది. ఆ మాటే జనం నోళ్లలో నలిగి నలిగి చివర ముక్కుతో పలికే ఊకారంతో కుమావూఁ అయింది. అందుకే నేనైతే అరసున్న (ఁ) పెట్టే రాస్తాను. మనం దాన్ని బడిలోనే వదిలేశాం గానీ ఇలాంటి చోట అంత బాగా పనికొచ్చే అక్షరం ఇంకోటి లేదు. కుమావోన్ అన్నది ఇంగ్లీషు స్పెల్లింగు చూసి చదివింది, అంతే.

కూర్మారావు, కూర్మినాయుడు, కూర్మమ్మ అన్న పేర్లు మన జిల్లాలో ఎన్ని వినపడతాయో మీకు తెలుసు. శ్రీకూర్మం గుడికి రెండు ధ్వజస్తంభాలు, ఆవరణలో ఆకుకూర నములుతూ తిరిగే తాబేళ్లు, చిన్నప్పుడు చూడని పిల్లలుంటారా? ఆ స్వామి పేరే హిమాలయాల్లో సిపాయి భుజం మీద ఉందంటే నాకైతే ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకో సంగతి, ఈ పటాలం పుట్టింది హిమాలయాల్లో కాదు, హైదరాబాదులో. 1813లో అక్కడి రెసిడెంటు, అంటే నిజాం దగ్గరుండే బ్రిటిష్ ప్రతినిధి, హెన్రీ రస్సెల్ నిజాం కోసం లేపిన బ్రిగేడ్ దీనికి మూలం, అదే తర్వాత హైదరాబాద్ కాంటింజెంట్ అయింది, ఆ తర్వాత 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయింది. 1917లో రాణీఖేత్‌లో లేచిన కుమావూఁ పటాలం కూడా వచ్చి ఇందులోనే కలిసింది. రానురాను మనుషులంతా కొండల నుంచి, హర్యానా వైపు అహీర్ల (యాదవుల) నుంచి వస్తుంటే హైదరాబాద్ పేరు మాత్రం ఎన్నాళ్లుంటుంది, 1945లో కుమావూఁ రెజిమెంట్ అని మార్చేశారు. మొదటి పరమవీర చక్ర వీళ్లదే, 1947 నవంబర్ 3న బడ్గాంలో పోరాడి ప్రాణం ఇచ్చిన మేజర్ సోమనాథ్ శర్మ 4వ కుమావూఁ మనిషి. ఈ రెజిమెంట్ నుంచే ఆర్మీ చీఫ్ అయిన జనరల్ శ్రీనాగేశ్ 1962లో మన ఆంధ్రప్రదేశ్‌కి గవర్నర్‌గా వచ్చారు.

ఆ 1962 నవంబర్ 18నే చైనా యుద్ధంలో లడఖ్ కనుమ రెజాంగ్ లా దగ్గర పోరు. పదహారు వేల అడుగుల పైన, 13వ కుమావూఁ చార్లీ కంపెనీ, మేజర్ శైతాన్ సింగ్, ఇంచుమించు 120 మందిలో 110 మందికి పైగా అక్కడే పడిపోయారు. కొన్ని నెలల తర్వాత వెళ్లి చూస్తే కొందరి చేతుల్లో తుపాకులు అలాగే ఉన్నాయి, మంచులో గడ్డకట్టి, కందకంలో కూర్చున్న చోటే. ఇది రాస్తుంటే నాకు చెయ్యి ఆగిపోతుంది.

చివరగా, పైన ఫొటో పెట్టిన అన్నగారూ, రెజిమెంట్ నినాదం "పరాక్రమ విజయతే" అని రాశారు, అది "పరాక్రమో విజయతే", పరాక్రమమే గెలుస్తుందని అర్థం. పరాక్రమః పక్కన విజయతే వస్తే విసర్గ ఓకారం అవుతుంది. విజయతి అనాలి కదా అని ఇంకొకరు అడిగారు, అక్కర్లేదండీ. గెలవడం అనే జి ధాతువుకి మామూలుగా జయతి రూపమే, కానీ ముందు వి గానీ పరా గానీ తగిలితే ఆత్మనేపదం, అంటే చివర తే వచ్చే రూపం, అయిపోద్దని పాణిని సూత్రమే ఉంది, "విపరాభ్యాం జేః" అని. కాబట్టి ఆ నినాదంలో తప్పేం లేదు, ఆ ఓకారం ఒక్కటి మింగెయ్యకుండా మళ్లీ పోస్టు చెయ్యండి.