నెల్లూరు వైపు శుభ్రంగా ఉండే వృద్ధాశ్రమం చెప్పగలరా?

మా అమ్మకు 78 ఏళ్లు. పక్షవాతం వచ్చి మంచం పట్టింది. నాది కావలిలో ఉద్యోగం కావడంతో నెల్లూరు శివార్లలోని ఒక ప్రైవేటు వృద్ధాశ్రమంలో చేర్పించాను. మొన్న ఆదివారం చెప్పకుండా వెళ్లాను. పక్కబట్టలు తడిసి ఉన్నాయి, గదంతా మూత్రం వాసన. నడుము కింద పుండు పడింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని డాక్టరు రాసిచ్చిన కాగితం గోడకు అంటించే ఉంది! అమ్మ మాత్రం "బాగానే చూస్తున్నారు నాయనా" అంది. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు.

వృద్ధుల సహాయవాణి 14567కు ఫోను చేయాలనుకుంటున్నాను. మీలో ఎవరైనా అలా ఫిర్యాదు చేశారా? తనిఖీకి వచ్చారా? అమ్మ అక్కడ ఉండగానే చెబితే ఆమెపై కక్ష తీర్చుకుంటారేమోనని భయం. ముందు వేరేచోటికి మార్చాలా? నెల్లూరు, కావలి, ఒంగోలులో మంచం పట్టినవారిని శుభ్రంగా చూసుకునే చోటు మీరు స్వయంగా చూసి ఉంటే దయచేసి చెప్పండి.