అల్ కపోన్‌కు పన్ను కేసులోనే శిక్ష ఎందుకు పడింది?

ప్రశ్న (అమలాపురం): షికాగోలో అన్ని హత్యలు చేయించాడని పేరుపడిన అల్ కపోన్‌కు చివరకు ఆదాయపు పన్ను ఎగవేతకే శిక్ష పడడానికి కారణమేమిటో పెద్దలు దయచేసి వివరించగలరా?

జవాబు (భీమవరం): హత్యలపై సాక్ష్యం చెప్పడానికి జనం భయపడ్డారండి. అయితే అక్రమ సంపాదనకూ పన్ను కట్టవలసిందేనని 1927లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వడంతో, అతని జూదగృహం లెక్కల పుస్తకాలే ప్రభుత్వానికి ఆధారమయ్యాయి. 1931లో 11 ఏళ్ల జైలుశిక్ష పడింది. నేనూ ఖాతాలు రాసేవాణ్ని కనుక, ఆ చిట్టాలను ఓపికగా చదివిన ఉద్యోగులంటే నాకెంతో గౌరవం.

జవాబు (రాజోలు): 1920లో మద్యనిషేధం అమలైనందువల్లనే అతని దొంగసారా వ్యాపారం అంతగా పెరిగిందని కూడా గమనించాలి. 1995 నాటి నిషేధకాలంలో మన లంకల్లో నాటుసారా బట్టీలను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. సిఫిలిస్ వల్ల మతి దెబ్బతిన్న కపోన్ 1939లో విడుదలై, 1947లో ఫ్లోరిడాలో 48వ ఏట మరణించాడు.