కట్టడం నిలిస్తే బజారు నిలిచినట్టేనా?

ప్రశ్న:
పారిస్‌లో ఆర్కిటెక్ట్ బాల్టార్ ఇనుము, గాజులతో నిర్మించిన లే హాల్ మార్కెట్ మండపాలను, అక్కడి టోకు వ్యాపారం 1969లో నగర శివారులోని రంజీస్‌కు తరలిపోయాక, 1971 నుంచి కూల్చివేశారు. ఒక్క మండపాన్ని మాత్రం విప్పి పారిస్ దగ్గరి నొజాన్‌కు తీసుకువెళ్లి నిలబెట్టారు. వ్యాపారం తరలిపోయాక భవనం కూలడం అనివార్యమా? పాత మార్కెట్లలో ముందుగా కాపాడవలసినవి గోడలా, అంగళ్లా?

జవాబు 1:
అనివార్యమేమీ కాదండీ. లండన్ కోవెంట్ గార్డెన్ నుంచి పళ్లు, కూరగాయల వ్యాపారం 1974లో వెళ్లిపోయినా, భవనాన్ని బాగుచేసి 1980లో కొత్త దుకాణాలతో తెరిచారు. కట్టడం దక్కింది, బజారు దక్కలేదు. అందుకే నాకు సియాటిల్‌లోని పైక్ ప్లేస్ మీద గురి ఎక్కువ. దళారుల బెడద లేకుండా రైతులే నేరుగా అమ్ముకునేందుకు 1907లో మొదలైన ఆ మార్కెట్‌ను పునరభివృద్ధి పేరుతో చాలావరకు పడగొట్టాలని చూసినప్పుడు, విక్టర్ స్టైన్‌బ్రూక్ అనే ఆర్కిటెక్ట్, ఆయన సహచరులు ఉద్యమించగా, 1971లో నగర ఓటర్లే దానిని చారిత్రక ప్రాంతంగా నిలబెట్టుకున్నారు. అక్కడి కమిషన్ గోడల మార్పులనే కాక, ఏ అంగట్లో ఏ వ్యాపారం సాగాలో కూడా పరిశీలించి అనుమతి ఇస్తుంది.

జవాబు 2:
మరమ్మతుల వైపు నుంచి ఒక మాట. లే హాల్ కాలపు పోత ఇనుప స్తంభాలు చాలాచోట్ల బోలుగా ఉంటాయి, కప్పు మీద పడిన వాన నీరు వాటి లోపలి నుంచే కిందికి దిగుతుంది. ఆకులూ చెత్తా అడ్డుపడితే నీరు నిలిచి స్తంభం లోలోపలే తుప్పు పడుతుంది, పైన రంగు మాత్రం కొత్తగా మెరుస్తూనే ఉంటుంది. స్తంభం అడుగున సన్నని తుప్పు చార కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట. రాతి గోడలదీ ఇదే కథ: సున్నం ఉండవలసిన సందుల్లో సిమెంటు కూరితే, తేమ బయటికి పోయే దారిలేక రాతిలోకే మళ్లుతుంది, లవణాలు పేరుకుని రాతి ముఖం పొరలు పొరలుగా రాలిపోతుంది. ఇవన్నీ ముందుగా కంటబడేది రోజూ అక్కడ కూర్చునేవారికే కాబట్టి, అందరినీ ఒకేసారి ఖాళీ చేయించకుండా, ఒక్కో వరుసను పక్కకు జరుపుతూ పని చేయించడం మేలని నా గట్టి నమ్మకం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. బాగుచేశాక అద్దెలు పెరిగి ఆ పాతవారే తిరిగి రాలేకపోతే?

జవాబు 1:
అద్దె ఎంతన్నది, ఎవరి చోటు ఎవరికన్నది పని మొదలుకాకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. పరంజా కట్టాక బేరమాడే బలం చిన్న వ్యాపారికి ఉండదు.